ఓర్లాండో పార్కుల్లో చెయిన్ రెస్టారెంట్లు: ఎక్కడ కొనుక్కోవాలి, ఎక్కడ డబ్బా విప్పాలి

ఓర్లాండో వెళ్ళే తెలుగు కుటుంబాల్లో తరచూ మూడు తరాలవాళ్ళుంటారు. పిల్లలకు రైడ్ల మీద ధ్యాస, పెద్దవాళ్ళకు వేళకింత తిండి పడాలి. అలాంటప్పుడు స్టార్‌బక్స్ లాంటి తెలిసిన బోర్డు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అయితే ఊళ్ళోని ధరా మెనూ పార్కులో కూడా అలాగే ఉంటాయనుకోవద్దు. యాప్‌లో డీల్ చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు, చవక కాంబోలు అసలే ఉండకపోవచ్చు. బోర్డు కంటే ముందు చూడాల్సినవి రెండు: ఆ షాపు గేటుకు లోపలా, బయటా? బయటి తిండి రానిస్తారా, లేదా? ఓర్లాండోలోని పెద్ద థీమ్ పార్కుల్లో, ఈ రెండు విషయాల్లో డిస్నీది ఒక దారి, యూనివర్సల్‌ది మరో దారి.

ముందు యూనివర్సల్. ఇక్కడ చెయిన్లు ఎక్కువగా ఉండేది సిటీవాక్‌లో. పార్కింగ్ గ్యారేజీ దాటి, సెక్యూరిటీ అయ్యాక వచ్చే వీధి అది. యూనివర్సల్ స్టూడియోస్, ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్ రెండూ దాని పక్కనే. టికెట్ అక్కర్లేదు. పార్కులోంచి బయటికొచ్చి తిని, అదే రోజు అదే టికెట్‌తో మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. మధ్యాహ్నం ఎండలో ఇదే మంచి పద్ధతి. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రద్దీ కాబట్టి పదకొండుకో, రెండున్నర తర్వాతో వస్తే నయం. షాపులు మారుతుంటాయి, ముందురోజు రాత్రి యూనివర్సల్ యాప్‌లో ఒకసారి చూసుకోండి.

శాకాహారులు ఇలాంటి చెయిన్లలో పొరపడేది కొన్ని చోట్లే. బర్గర్ కింగ్ ఇంపాసిబుల్ వాపర్ అనే బర్గర్‌లో మధ్యన పెట్టే ప్యాటీ మొక్కలతో చేసిందే, కానీ మామూలుగా దాన్ని మాంసం కాల్చే గ్రిల్ మీదే కాలుస్తారు. విడిగా వేడి చేయమని ఆర్డర్ చెప్పేటప్పుడే అడగాలి. మయోనైజ్‌లో గుడ్డుంటుంది, అది కూడా వద్దనాలి. చైనీస్ వంటల చెయిన్ పాండా ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు పడుతుంది, తెల్లన్నం తీసుకోండి. కూరలు వండే పాత్రలు అన్నిటికీ ఒకటే కాబట్టి మడిగా ఉండేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు. మోస్ అనే మెక్సికన్ తరహా చెయిన్‌లో ఉండేలాంటి బరీటో కౌంటర్ మనవాళ్ళకు అన్నిటికంటే సుఖం: అన్నం, బీన్స్, టోఫు, కూరగాయలు ఎదురుగా వేయించుకోవచ్చు, గ్లవ్స్ మార్చుకోమని అడగొచ్చు.

డిస్నీ స్థలంలోనే, ఆల్ స్టార్ హోటళ్ళ దగ్గర, సౌర పలకల కప్పుతో 2020లో తిరిగి కట్టిన మెక్‌డొనాల్డ్స్ ఉంది. పార్క్ అయ్యాక పిల్లలు అటే లాగుతారు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైలలో, హ్యాష్ బ్రౌన్లలో బీఫ్ ఫ్లేవర్ కలుస్తుంది. ఇండియాలో తిన్నవాటికీ వీటికీ తేడా ఉందని అమ్మానాన్నలకు ముందే చెప్పండి.

డిస్నీ పార్కుల లోపల నాలుగింట్లోనూ స్టార్‌బక్స్ ఉంది: మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ బేకరీ, ఎప్‌కాట్‌లో కనెక్షన్స్ కెఫే, హాలీవుడ్ స్టూడియోస్‌లో ట్రాలీ కార్ కెఫే, యానిమల్ కింగ్‌డమ్‌లో క్రీచర్ కంఫర్ట్స్. కొత్తవాళ్ళు ఆకుపచ్చ బోర్డు కోసం వెతుక్కుంటారు, ఈ పేర్లు గుర్తుంటే చాలు. మెయిన్ స్ట్రీట్ బేకరీ వచ్చే దారిలోనే ఉంది కాబట్టి పొద్దున్నే క్యూ బారుగా ఉంటుంది. కాళ్ళ నొప్పులవాళ్ళు ఏసీలో కూర్చోవాలంటే ఎప్‌కాట్‌లోది మేలు. యానిమల్ కింగ్‌డమ్‌లో రెయిన్‌ఫారెస్ట్ కెఫే గేటు దగ్గరే ఉంది, టికెట్ లేకపోయినా వెళ్ళొచ్చు. ఉండుండి ఉరుముల మోత, బొమ్మ జంతువుల అరుపులు, చిన్నపిల్లలు జడుసుకుంటారు. లోపల ఆసియా భాగంలోని యాక్ అండ్ యెటీ రెస్టారెంట్ కూడా రెయిన్‌ఫారెస్ట్ కెఫే నడిపే ల్యాండ్రీస్ కంపెనీదే, కాస్త ప్రశాంతంగా కూర్చుని తినొచ్చు. టేబుల్ కావాలంటే 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు.

అయినా డిస్నీలో భోజనానికి చెయిన్ అవసరం పెద్దగా లేదు. బయటి తిండి తెచ్చుకోనిస్తారు. షరతులు ఇవీ: గాజు సీసాలు వద్దు, మద్యం వద్దు, వేడి చేయాల్సినవి వద్దు, కూలర్ 24 × 15 × 18 అంగుళాలు మించకూడదు. విడి ఐసు, డ్రై ఐసు కుదరవు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవాలి. ఫ్లోరిడా ఎండలో 32 డిగ్రీల సెల్సియస్ దాటితే వండిన అన్నం చల్లదనం లేకుండా గంటకు మించి ఉంచడం మంచిది కాదు. చింతపండు ఉంది కదా అని పులిహోరను కూడా బయట వదిలేయవద్దు, పెరుగన్నంతో పాటే ఐస్ ప్యాక్‌ల మధ్య పెట్టండి. చపాతీ రోల్స్ పిల్లలకు చేతికందేలా సులువు. సోడా ఫౌంటెన్ ఉన్న ఏ కౌంటర్‌లోనైనా ఐస్ నీళ్ళ కప్పు ఊరికే ఇస్తారు. నీళ్ళ రుచి కొందరికి పడదు, నిమ్మపొడి ప్యాకెట్ ఒకటి దగ్గరుంచుకోండి.

యూనివర్సల్‌లో ఈ డబ్బా సాగదు. 2 లీటర్ల లోపు నీళ్ళ సీసా, చిన్న చిరుతిళ్ళు, పసిపిల్లల ఆహారం, ఆరోగ్యరీత్యా తప్పనిసరైన తిండి మాత్రం రానిస్తారు. మధుమేహం ఉన్నవాళ్ళ డబ్బా అయితే సెక్యూరిటీ దగ్గర ఆ మాట చెప్పండి. గట్టి కూలర్ తీసుకెళ్ళొద్దు, మెత్తని ఇన్సులేటెడ్ సంచి కూడా 8.5 × 6 × 6 అంగుళాలు మించకూడదు.

2025 మే 22న తెరిచిన యూనివర్సల్ వాళ్ళ మరో పార్కు ఎపిక్ యూనివర్స్‌కు సిటీవాక్ లెక్క పనికిరాదు. అది కొన్ని మైళ్ళ అవతల ఉంది. తినడానికని సిటీవాక్‌కు బస్సులో వచ్చి తిరిగి వెళ్ళాలంటే మధ్యాహ్నమంతా దారిలోనే గడిచిపోతుంది. ఆ రోజుకు హోటల్లోనే కడుపునిండా టిఫిన్ చేసి వెళ్ళండి, మధ్యాహ్నానికి లోపలే యాప్‌లో ముందుగా ఆర్డర్ పెట్టుకోండి.