జులై చివర్లో ఉట్కియాగ్విక్ ప్యాకేజీ కొనకండి

నేలపట్టుకు మే నెలలో తీసుకెళ్లి, ఖాళీ చెట్లు చూపించి, "గూడబాతులు గుడ్లు పెట్టేది వీటి మీదే సార్" అంటే ఒళ్లు మండదూ? అలాస్కా ఉత్తరపు కొసన ఉట్కియాగ్విక్‌లో (2016 దాకా దీన్ని బ్యారో అనేవారు) మాకు అచ్చం అదే జరిగింది. బ్రోచర్ మీద "ఆర్కిటిక్ పక్షులు పిల్లల్ని చేసే కాలం" అని రాసి, కళ్లజోడు పెట్టినట్టుండే మగ ఐడర్ బాతు ఫొటో వేశారు. తేదీలు జులై 24 నుంచి 28. యాంకరేజ్ నుంచి విమానం, నాలుగు రాత్రుల గది, రెండు రోజుల గైడు కలిపి మనిషికి 2,480 డాలర్లు. తిండి ఖర్చు మనదే.

జులై 24న ఆ రంగుల్లో ఆ బాతు అక్కడ దొరకదు. ఆడది పొదగడానికి కూర్చున్నాక మగవాటికి టండ్రాలో పని లేదు. జూన్ చివరికో జులై మొదట్లోనో సముద్రం మీదికి పోయి అక్కడే ఈకలు మార్చుకుంటాయి. ఎర్ర ఫాలరోప్ అనే చిన్న నీటిపిట్టది తిరకాసు కథ. ఇందులో రంగులన్నీ ఆడదానివే. గుడ్లు మగదానికి అప్పజెప్పి అది ముందే చెక్కేస్తుంది. కాబట్టి జులై చివర్లో కనిపించేవన్నీ బూడిదరంగు పిల్లలూ, వాటిని కాసే తల్లులో తండ్రులో.

ఇక్కడ చూడాల్సింది క్యాలెండరు కాదు, మంచు. ఊరి చుట్టూ టండ్రా మీద మంచు మామూలుగా జూన్ మొదటి పక్షంలో కరుగుతుంది. నేల తేలిన చోటల్లా ఉల్లంకులు వెంటనే గూడు చేస్తాయి. చిన్న ఉల్లంకికి నాలుగు గుడ్లు, పొదగడానికి సుమారు 20 రోజులు. పిల్లలు బయటపడే వేళకి పురుగులు లేవాలి. మంచు ఆలస్యమైనా, మధ్యలో చలి తిరగబెట్టినా ఆ లెక్క తప్పుతుంది. లగూన్ (తీరం పక్కనుండే లోతు తక్కువ మడుగు) బయటి గులకరాళ్ల దిబ్బల మీద గూడు పెట్టే సాధారణ ఐడర్లు ఇంకా ఆలస్యం చేస్తాయి. దిబ్బకీ నేలకీ మధ్య మంచుగడ్డ ఉన్నన్నాళ్లు నక్క నడిచి వచ్చేస్తుంది మరి. చుట్టూ నీళ్లు తేలాకే గుడ్లు.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ ఏడు లెమ్మింగ్‌లు ఉన్నాయా? ఈ ఎలుకలు దండిగా ఉన్న ఏడు మంచు గుడ్లగూబలూ, పొమరైన్ జేగర్లూ (గుడ్లు కూడా ఎత్తుకుపోయే వేట పక్షులు) గూళ్లు పెడతాయి. అవి నక్కల్ని తరుముతాయి కాబట్టి స్టెల్లర్ ఐడర్లు ఆ పంచన చేరతాయి. ఎలుకలు లేని ఏడు స్టెల్లర్ ఐడర్లు అసలు గుడ్లే పెట్టకపోవచ్చు.

గైడు ఒక ఖాళీ గూడు చూపించాడు. మొత్తం ప్యాకేజీలో పనికొచ్చింది ఆ పది నిమిషాలే. గడ్డి గుంటలో బూడిదరంగు నూగు, తల్లి తన రొమ్ము నుంచి పీకి పరిచింది. దానిలో గుడ్డు లోపలి పొర, ఆరిన తోలుముక్కలా, పెంకు నుంచి ఊడి పడుంది. అలా ఉంటే పిల్లలు దిగాయన్నమాట. పెంకులు చితికి, సొన ఎండి అంటుకుని ఉంటే నక్క పని. మా బావగారు నూగు కొంచెం జేబులో వేసుకోబోతే గైడు ఆపాడు. 1918 నాటి అమెరికా వలసపక్షుల చట్టం కింద ఈక తీసి దగ్గర పెట్టుకున్నా నేరమే. దాంతో ఆయన సాయంత్రం దాకా మాట్లాడలేదు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ తేదీల్లో ఎల్సన్ లగూన్ మాత్రం బాగుంది. లోతు తక్కువ నీరు, చిన్న రొయ్యజాతి పురుగులు పుష్కలం. రెక్క ఈకలు రాలి ఎగరలేని పొడుగుతోక బాతులు గాలి తగలని వైపు గుంపులుగా చేరి మునిగి తేలుతున్నాయి. ఊరికి ఉత్తరాన నేల ముగిసే కొస, పాయింట్ బ్యారో దగ్గర నిలబడితే ఈకలు మార్చుకోడానికి పడమరకి పోయే ఐడర్ల వరసలూ కనిపించాయి. దీన్నే "ఈకలు మార్చుకునే కాలం" అని అమ్మి ఉంటే గొడవే లేదు.

గది గురించి ఒక్క మాట. ఆగస్టు 2 దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు, మా కిటికీకి ఉన్నదేమో పల్చటి పూల కర్టెన్. రెండో రాత్రి నుంచి వంటింటి అల్యూమినియం రేకు అంటించుకున్నాం. టేపూ, రేకూ ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ రెంటికీ కలిపి 19 డాలర్లయింది.

వెళ్తే జూన్ 10కీ 25కీ మధ్య వెళ్లండి. బైనాక్యులర్ ఒక్కటే చాలదు, స్టాండుతో స్పాటింగ్ స్కోప్ ఉండాలి, ఎందుకంటే గూటి దగ్గరికి పోకూడదు. ఉల్లంకి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పరిగెత్తిందంటే గుడ్లు మీ కాళ్ల దగ్గరే ఉన్నట్టు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి, జేగర్ పైనుంచి చూస్తుంటుంది. మోకాలి దాకా రబ్బరు బూట్లు తప్పనిసరి, కింద గడ్డకట్టిన నేల నీటిని ఇంకనివ్వదు. రోడ్డు దిగి నడవాలంటే స్థానిక ఇనుపియాట్ల భూమి కంపెనీ అనుమతి కావాలి. పాయింట్ వైపు ఒంటరిగా నడవొద్దు, ధ్రువపు ఎలుగులుంటాయి.

ఏజెంటుని డబ్బు వెనక్కి అడిగితే "పక్షులకు గ్యారంటీ ఇవ్వలేం" అన్నాడు. మేం అడిగింది పక్షుల గురించి కాదు, తేదీల గురించి.