లెట్, కాన్స్ట్ నేర్పిన సాయంత్రం బ్యాచ్

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక చిన్న కోచింగ్ సెంటర్‌లో జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీలకు కోడ్ రాసే భాష) సాయంత్రం బ్యాచ్ పూర్తి చేశాను. ఆరు వారాలు, ఫీజు 3,500 రూపాయలు.

పగలు మా బావ టమోటా మండీలో లెక్కలు రాస్తాను. అందుకోసం సొంతంగా ఒక వెబ్ పేజీ చేసుకున్నాను. రైతు పేరు పక్కన ఒక బటన్, నొక్కితే ఆ రైతు లెక్క రావాలి. ఏది నొక్కినా చివరి రైతు లెక్కే వచ్చేది. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రపట్టలేదు.

సార్ ఆ కోడ్‌నే బోర్డు మీద రాశారు. ఒకే పనిని రైతు రైతుకూ తిప్పి చేసే లూప్‌లో, విలువ దాచుకునే డబ్బాను, అంటే వేరియబుల్‌ను, వార్ (var) అనే పదంతో చేశాను. "లూప్ బ్రాకెట్లలో రాస్తే లోపలే ఉంటుందనుకున్నావు కదప్పా? వార్‌కు ఆ బ్రాకెట్లు లెక్కలేదు, ఫంక్షనే, అంటే ఒక పని చేసే మొత్తం కోడ్ ముక్కే, దాని హద్దు. అందరు రైతులకూ ఒకటే డబ్బా వాడావు" అన్నారు. వార్ తీసి, ఆ పేరుకు మళ్లీ వేరే విలువ ఇవ్వనివ్వని కాన్స్ట్ (const) పెట్టాను. లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త వేరియబుల్ పుట్టింది, ఎవరి లెక్క వారికి వచ్చింది. విలువ మార్చాల్సిన మొత్తాలకు మాత్రం లెట్ (let) వాడమన్నారు. ఇవి రెండూ 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో వచ్చాయట. నేను చదివిన పాత నోట్సులో అన్నిచోట్లా వార్ (var) మాత్రమే ఉంది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది, ముందు ఎర్రర్ తెప్పించి చదివించడం. వేరియబుల్‌ను డిక్లేర్ చేసిన (ప్రకటించిన) లైను కంటే ముందే వాడితే వార్ చప్పుడు చేయకుండా అన్‌డిఫైన్డ్ (విలువ లేదు) అని ఇస్తుంది, లెట్ అయితే రిఫరెన్స్ ఎర్రర్‌తో అక్కడే ఆపేస్తుంది. కమీషన్ శాతాన్ని కాన్స్ట్ చేశాక ఇంకో విలువ ఇవ్వబోతే టైప్ ఎర్రర్ వచ్చింది. రైతు డబ్బు లెక్కలో తప్పు దాక్కోకూడదు, బయటపడాలి.

ఒక్క విషయంలో మాత్రం అసంతృప్తి ఉంది. కాన్స్ట్ అంటే మారదు అని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. రైతుల జాబితాను కాన్స్ట్‌లో పెట్టి నిశ్చింతగా ఉంటే, వేరే ఫంక్షన్ లోపలి తూకాన్ని మార్చేసింది. ఏ ఎర్రరూ రాలేదు. ఆ పేరుకు వేరే జాబితాను ఇవ్వలేమంతే, లోపలివి మారతాయి. లోపలివి మారకుండా ఆపే ఆబ్జెక్ట్ ఫ్రీజ్ (Object.freeze) గురించి తర్వాత నేనే చదువుకున్నాను, అదీ పై వరుస వరకే కాపాడుతుంది, ఇంకా లోపల ఉన్న వాటిని కాదు. దీనికి ఒక పూర్తి క్లాసు ఇవ్వాల్సింది.

సిస్టమ్‌లు తక్కువ, ఇద్దరికి ఒకటి. సొంత ల్యాప్‌టాప్ ఉంటే తీసుకెళ్లండి. చేరేవాళ్లు కాన్స్ట్ క్లాసు రోజున ఇలాంటి జాబితాలు, ఆబ్జెక్టుల (విలువల కట్టల) సంగతి తప్పకుండా అడగండి, అడిగితే సార్ ఓపిగ్గా చెబుతారు. నేను తర్వాతి బ్యాచ్‌కు అడ్వాన్స్ కట్టేశాను.