నాలుగేళ్లు వాడిన స్మార్ట్ బ్యాడ్జి: ఆ ఒక్క స్విచ్ సంగతి

ఏడాదికోసారి మూడు రోజుల పాటు జరిగే ఒక వృత్తి సదస్సుకి రిజిస్ట్రేషన్ పని నాది. వచ్చేవాళ్లు పన్నెండు వందల దాకా ఉంటారు. నాలుగేళ్లుగా వాళ్ల మెడల్లో ఈ స్మార్ట్ బ్యాడ్జీలే వేస్తున్నాం. బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది, యాప్ ఎలా ఉంటుంది లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేది అడ్మిన్ సెట్టింగుల్లో మూడో పేజీలో, కింద ఎక్కడో ఉన్న ఒక్క స్విచ్ గురించి. దాని పేరు ‘పేరుతో సహా కదలికలు’. సిస్టమ్ మన చేతికి వచ్చేసరికే అది ఆన్‌లో ఉంటుంది. మొదటి రెండేళ్లు నేను దాన్ని చూడనే లేదు.

మొదటి ఏడాది దీన్ని మెచ్చుకుంటూ తెలిసినవాళ్లకి ఫోన్లు చేసి మరీ చెప్పాను. పొద్దున్నే గంటసేపు సాగే క్యూ పదిహేను నిమిషాల్లో కరిగిపోయింది. ఏ హాల్లో ఎంతమంది ఉన్నారో నా ల్యాప్‌టాప్ మీద కనిపిస్తుంటే కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నట్టుండేది. ఆ మెప్పులో క్యూ సంగతి ఇప్పటికీ నిజమే. రెండోదాని గురించి తర్వాత చెబుతాను.

బ్యాడ్జి వెనకాల నాణెమంత బ్యాటరీతో ఒక బ్లూటూత్ ట్యాగ్ ఉంటుంది. అది ఆగకుండా తన నంబర్ చెప్పుకుంటూ ఉంటుంది, పైకప్పులో పెట్టిన రీడర్లు వింటూ ఉంటాయి. మనిషి చెయ్యాల్సింది ఏమీ లేదు. అమ్మేటప్పుడు అదే గొప్పగా చెప్పారు, నేనూ అదే గొప్ప అనుకున్నాను. ఒకప్పుడు ఈ లెక్కలు జనం జేబుల్లోని ఫోన్ల వైఫై చిరునామాలతో, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే నంబర్లతో తీసేవాళ్లు. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఫోన్లకి ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు అసలు చిరునామా దాచి మారుపేరు చెప్పడం మామూలైపోయింది. అలా ఫోన్లు తప్పించుకోవడం నేర్చుకున్నాయి. మేం మెడలో వేసిన బ్యాడ్జికి ఆ తెలివి లేదు.

మూడో ఏడాది సదస్సు అయిపోయిన వారానికి ఒకావిడ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఒక కంపెనీ సేల్స్ అబ్బాయి ఆవిడకి ఫోన్ చేసి, “మేడమ్, మీరు మా స్టాల్ దగ్గర పద్దెనిమిది నిమిషాలు ఉన్నారు కదా, మా ప్రోడక్ట్ ఎలా అనిపించింది?” అన్నాడట. ఆవిడ ఆ స్టాల్‌కి వెళ్లనే లేదు. పైగా అది ఆవిడ పనిచేసే కంపెనీకి పోటీ కంపెనీ. నిజంగా జరిగిందేంటంటే, ఆ స్టాల్ వెనకగోడ పక్కన మేం నాలుగు కుర్చీలు వేశాం. ఆవిడ అక్కడ కూర్చుని ఇంటికి ఫోన్ మాట్లాడుకుంది. రీడర్‌కి గోడకి ఇవతలేదో అవతలేదో తెలియదు. బ్లూటూత్‌లో దూరాన్ని సిగ్నల్ బలాన్ని బట్టి అంచనా కడతారు. మనిషి ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ని పీల్చేస్తుంది కాబట్టి, మనం అటు తిరిగి నిలబడినా చాలు, దూరంగా ఉన్నట్టు లెక్కవుతుంది. రెండు మూడు మీటర్లు అటూ ఇటూ కావడం దానికి మామూలే. డాష్‌బోర్డ్ మాత్రం ‘18 నిమిషాల 40 సెకన్లు’ అని సెకన్లతో సహా చూపిస్తుంది. స్టాల్ పెట్టినవాళ్లందరికీ పేరు, హోదా, ఫోన్ నంబర్‌తో ఆ జాబితా ఆటోమేటిగ్గా వెళ్లిపోయింది. పంపింది నేనే, అంటే ఆ స్విచ్ ఆపకుండా వదిలేసిన నేను.

ఆవిడ గొడవేం పెట్టుకోలేదు. ‘నా గురించి మీ దగ్గర ఉన్నదంతా నాకు పంపండి’ అని మాత్రం రాసి, జీడీపీఆర్ 15వ అధికరణం పేరెత్తింది. 2018 మే నుంచి అమల్లో ఉన్న యూరప్ చట్టం అది. దాని ప్రకారం ఇలా అడిగినవాళ్లకి మామూలుగా నెలలోపు ఇవ్వాలి. ఆ చట్టం మాకు వర్తిస్తుందా లేదా అని వాదించే ఓపిక నాకు లేకపోయింది. అడిగినదాంట్లో న్యాయం ఉంది కదా అని ఆ రాత్రే కూర్చుని ఆవిడ రికార్డు మొత్తం బయటికి తీశాను.

అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. మూడు రోజులకి వెయ్యికి పైగా వరసలున్నాయి. ఏ సెషన్ మధ్యలో లేచి వెళ్లిపోయిందో ఉంది. ఎవరి బ్యాడ్జి పక్కన ఎక్కువసేపు ఉందో కూడా, కాస్త ఓపిగ్గా కలిపి చూస్తే తెలిసిపోతుంది. అన్నిటికంటే బాధపెట్టింది ఇంకొకటి. పసిబిడ్డల తల్లుల కోసం మేం విడిగా పెట్టిన గదికి ఆవిడ రోజుకి మూడుసార్లు, ఇంచుమించు ఒకే వేళకి వెళ్లింది. ఆ గది తలుపు పైన కూడా ఒక రీడర్ ఉంది, ‘అన్ని గదులూ కవర్ అవ్వాలి’ అని ప్లాన్‌లో టిక్కు పెట్టింది నేనే కాబట్టి. ఆవిడ నాతో ఒక్క మాటైనా చెప్పని విషయం నాకు తెలిసిపోయింది. ఫస్ట్ ఎయిడ్ గది బయటా ఒకటి ఉందని గుర్తొచ్చి, ఆ ఫైలు తెరవకుండానే ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆ వరసలన్నీ ఆవిడకి పంపించి, క్షమాపణ చెప్పి, తుడిచెయ్యమని అమ్మినవాళ్లకి రాశాను. “మా దగ్గర డేటా అనానిమస్‌గానే ఉంటుంది సర్, పేర్లు తీసేస్తాం” అన్నారు. పేరు తీసేసినా ట్యాగ్ నంబర్ మూడు రోజులూ అదే ఉంటుంది. పొద్దున ప్రధాన ద్వారం దగ్గర ఆ నంబర్ మొదటిసారి కనిపించిన నిమిషాన్ని, మా రిజిస్ట్రేషన్ డెస్క్‌లో బ్యాడ్జి ఇచ్చిన నిమిషంతో కలిపి చూస్తే పేరు మళ్లీ దొరుకుతుంది. పరీక్షగా నా సొంత బ్యాడ్జితో నేనే చేసి చూశాను. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. దీన్ని పేరు దాచడం అనొచ్చేమో గానీ, ఎవరిదో ఇక తెలుసుకోలేని అనానిమస్ డేటా అంటే మాత్రం ఒప్పుకోను. బ్యాకప్‌లలోంచి కూడా పోయిందని రాతపూర్వకంగా ఇవ్వడానికి వాళ్లకి ఇంకో రెండు నెలలు పట్టింది.

నాలుగో ఏడాది అదే సిస్టమ్‌ని వేరేలా వాడాం. ఆ స్విచ్ ఆపేశాం. తల్లుల గది, ఫస్ట్ ఎయిడ్, ప్రార్థన గదుల దగ్గర రీడర్లు ఊడదీయించాం. పదిమంది కంటే తక్కువ ఉన్న లెక్క ఏ నివేదికలోనూ కనపడకుండా పెట్టించాం. ట్యాగ్ లేని మామూలు బ్యాడ్జి కావాలంటే కారణం అడగకుండా ఇచ్చాం. స్టాల్ వాళ్లకి వివరాలు వెళ్లాలంటే మనిషే తన బ్యాడ్జిని వాళ్ల రీడర్‌కి ఆనించాలి. దానికి వాడే ఎన్‌ఎఫ్‌సీ అనే దగ్గరి రేడియో పద్ధతి 13.56 మెగాహెర్ట్జ్ మీద, నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది, గోడ అవతలి నుంచి లాగడం కుదరదు. చెయ్యి చాపడమంటేనే సరే అన్నట్టు. ఫారంలో ముందే టిక్కు పెట్టి ఉంచే పెట్టెల కంటే నాకు ఇది నిజాయితీగా అనిపించింది.

స్పాన్సర్లు గొణిగారు. జాబితాలు సగానికి సగం తగ్గాయని ఒకాయన నా మీద అరిచాడు కూడా. నెల తర్వాత ఆయనే, ఈసారి ఫోన్ చేస్తే ఎత్తుతున్నారు అన్నాడు. మరో ఇద్దరు మాత్రం స్టాల్ మానేశారు, అది నష్టమే, కాదనను. ట్యాగ్ వద్దన్నవాళ్లు నేను భయపడినంత మంది లేరు. అడిగితే అందరూ వద్దంటారన్న టెన్షన్‌తో నేను రెండేళ్లు అసలు అడగలేదు, అది వేరే సంగతి.

ఇక హాల్లో జనం లెక్క సంగతి. అదేదో కంట్రోల్ రూమ్‌లా ఉందన్నాను కదా. అగ్నిప్రమాదం డ్రిల్ చేసిన రోజు అందరినీ బయటికి పంపాక కూడా స్క్రీన్ మీద పెద్ద హాల్లో ముప్ఫై ఒక్క మంది కనిపించారు. గుండెలు జారి లోపలికి పరిగెత్తాను. కుర్చీల మీద ముప్ఫై ఒక్క బ్యాడ్జీలు ఉన్నాయి, చోటు ఆపుకోవడానికి వదిలి వెళ్లినవి. అత్యవసర సమయంలో ఎవరు లోపలున్నారో ఇది చెబుతుందని అమ్మేవాళ్లు చెప్పేది నేనిక నమ్మను. జనం ఎంతమందో తెలియడానికి తలుపు మీద పెట్టే మామూలు లెక్కింపు సెన్సర్ చాలు. దానికి మనుషులెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అలాగని మొత్తం వద్దనే స్థితిలో నేను లేను. మా సదస్సుకి వచ్చినవాళ్లకి శిక్షణ గంటల సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకు ఎవరు ఏ సెషన్‌లో కూర్చున్నారో పేరుతో కావాల్సిందే. తలుపు దగ్గర క్యూఆర్ స్కాన్‌తో ఆ పని అయిపోతోంది, ఆ డేటా సర్టిఫికెట్లు ఇచ్చిన నెలకి తుడిచేస్తున్నాం. మాది ఒకే భవనం, చాలామంది ఏటా వచ్చే తెలిసిన ముఖాలే, కాబట్టి నాకు ఇది సరిపోతోంది. ఐదారు హాళ్లు, వేలమంది జనం, స్పాన్సర్ల డబ్బు మీదే నడిచే ప్రదర్శనలు చేసేవాళ్లు ఆ స్విచ్ ఆపి బతకగలరో లేదో నేను చెప్పలేను. కొనేవాళ్లు మాత్రం డెమోలో మూడో పేజీ తెరిపించుకుని చూడండి. ఇంకో ఏడాదికి తీసుకుందామనే అనుకుంటున్నాను, బ్యాడ్జి ప్రింటింగ్, ఆనించే రీడర్ల వరకు మాత్రమే.

రెన్యువల్ కాగితంతో పాటు ఈసారి ముఖం చూసి లోపలికి పంపే గేటు ఉచితం అని ఒక షీటు పంపారు. బార్సిలోనాలో 2021లో జరిగిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్ అనే ఫోన్ పరిశ్రమ సదస్సులో ఇలాంటి ముఖ గుర్తింపు వాడినందుకు, ముందుగా ముప్పు అంచనా సరిగ్గా చెయ్యలేదని స్పెయిన్ డేటా రక్షణ సంస్థ నిర్వాహకులకి 2 లక్షల యూరోల జరిమానా వేసింది. ట్యాగ్ అయితే వచ్చే ఏడాది మార్చేసి వేరేది ఇస్తాం, ముఖాన్ని మార్చివ్వలేం కదా. అందుకే సంతకం పెట్టకుండా ఒక్క ప్రశ్న రాసి పంపాను: ముఖం కొలతలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్లు? మూడు వారాలైంది. సేల్స్ అతను రెండుసార్లు ఫోన్ చేశాడు, తగ్గింపు ఇంకాస్త పెంచాడు, ఆ ప్రశ్న జోలికి మాత్రం రాలేదు.