డెర్మానా, ప్లాస్టిక్ సర్జరీనా?

ఎంబీబీఎస్ అయ్యాక స్పెషాలిటీ సీటు కోసం రాసే నీట్ పీజీ ర్యాంకులు వచ్చిన ప్రతిసారీ నెల్లూరు, ఒంగోలు జూనియర్లు అడిగేది ఒకటే. "ఏందక్కా, డెర్మా (చర్మవైద్యం) తీసుకోమంటావా, జనరల్ సర్జరీ చేసి ప్లాస్టిక్‌కి పొమ్మంటావా?"

ఏళ్ల లెక్కలో డెర్మాదే గెలుపు. మూడేళ్లలో అయిపోతుంది. ప్లాస్టిక్‌కి జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, మళ్లీ సూపర్ స్పెషాలిటీ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి ప్లాస్టిక్ సర్జరీ డిగ్రీ ఎంసీహెచ్ మూడేళ్లు. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా చేరే ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ అనే ప్లాస్టిక్ సర్జరీ కోర్సు కూడా ఉంది. రెండో పరీక్ష గోల తప్పుతుంది గానీ ఏళ్లు తగ్గవు. డెర్మా వాళ్లకు రాత్రి నిద్ర, ముందుగా సంపాదన. ఇంట్లో పెళ్లి టెన్షన్ ఉన్నవాళ్లకు ఇదేం చిన్న విషయం కాదు, మా అమ్మనడగండి.

  

ప్లాస్టిక్ అంటే ముక్కు సరిచేయడం, జుట్టు నాటడం, హైదరాబాదులో క్లినిక్ అనుకుంటే మాత్రం డెర్మానే మేలు. జుట్టు, లేజర్లు అక్కడా ఉన్నాయి, మూడేళ్లు మిగులుతాయి.

మన దగ్గర వచ్చే పని వేరు. చీమకుర్తి క్వారీలో నలిగిన చెయ్యి, హైవే మీద చర్మం ఊడిపోయిన కాలు, పొయ్యి దగ్గర చీర అంటుకున్న మనిషి, పెదవి చీలికతో పుట్టిన బిడ్డ. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి తెగిన వేళ్లను నేరుగా ఐస్‌లో వేసి తెచ్చారు. తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐస్ మీద ఉంచాలని వాళ్లకు చెప్పిందెవరు? అతికించే మైక్రోసర్జన్ ఆ రాత్రి దొరకలేదు, చెన్నైకి పంపాం.

అయితే జాలి ఒక్కటే చాలదు. మిల్లీమీటరంత రక్తనాళాన్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో, మైక్రోస్కోపు కింద గంటల తరబడి కుట్టాలి. ఆపైన రాత్రంతా గంటకోసారి లేచి ఫ్లాప్ (ఒంట్లో వేరేచోట నుంచి తెచ్చి అతికించిన చర్మం, కండ) రంగు, వేడి చూడాలి. నీలంగా మారితే మళ్లీ థియేటరుకే. ఆప్షన్లు పెట్టే ముందు అలాంటి కేసు ఒకటి మొదటి నుంచి మర్నాడు పొద్దుటిదాకా చూడండి. విసుగొస్తే డెర్మా పెట్టుకోండి, సిగ్గుపడొద్దు.

నాకు విసుగు రాలేదు. ఈసారి ఎస్‌ఎస్‌కి మొదటి ఆప్షన్లన్నీ ప్లాస్టిక్కే పెట్టాను. అమ్మ రెండ్రోజులుగా మాట్లాడట్లేదు.