మూడేళ్లుగా నీళ్లలో కసరత్తు: మోకాళ్లకు హాయి, మరి ఎముకలకో?

నాకు 52. నెలసరి ఆగిన మరుసటి ఏడు మోకాళ్ల నొప్పులకని వెళ్తే ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించారు. వెన్నెముక టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1.9. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, మీది ఇంకా దాని ముందు మెట్టే అన్నారు. నడుద్దామంటే మోకాలు ఒప్పుకోదు. అలా సికింద్రాబాద్‌లో మా ఇంటి దగ్గరి పూల్‌లో లేడీస్ బ్యాచ్‌లో చేరాను. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట.

ఈత రానక్కర్లేదు, ఛాతీ లోతులో నిలబడే చేస్తాం. మొదటి వారమంతా గోడ పక్క కడ్డీ వదిలితే ఒట్టు. తర్వాత ఫోమ్ డంబెల్స్ ఇచ్చారు. బెండులా ఉన్నాయి, వీటితో ఏం కసరత్తు అనుకున్నా. నీళ్లలోకి అదమబోతే ఎదురు తన్ని పైకి లేచాయి! జిమ్‌లో ఎత్తడం కష్టం, ఇక్కడ దించడం కష్టం. మెల్లగా తోస్తే దారి ఇచ్చే నీళ్లే గబగబా తోస్తే గోడలా అడ్డుపడతాయి. 

ఆర్నెల్లకే మోకాలి నొప్పి సగం తగ్గింది. సల్వార్ తొడుక్కునేటప్పుడు మంచం పట్టుకోవడం మానేశాను. నా మట్టుకు ఫీజు దీనికే గిట్టుబాటయింది.

రెండేళ్లకు మళ్లీ స్కాన్: మైనస్ 1.8. నేను పొంగిపోతుంటే డాక్టరమ్మ నవ్వింది. "ఆ కాస్త తేడా మిషన్‌ది కూడా కావచ్చమ్మా. పెరగలేదు, తరగలేదు. ఈ వయసులో తరక్కపోవడమే గొప్ప. అదీ నీళ్ల పుణ్యమే అనుకోకండి, మాత్రలు కూడా వేసుకుంటున్నారుగా!"

ఎముక గట్టిపడాలంటే దాని మీద బరువు పడాలి. ఛాతీ లోతులో మన బరువులో మూడో వంతే కాళ్ల మీద ఉంటుంది, నడుం లోతులో సగం. మోకాలికి హాయి అందుకే, ఎముకకు చాలనిదీ అందుకే. చేరేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. "ఎముకలు బలపడతాయి" అని బోర్డు మీద మాత్రం ఇంతింత అక్షరాలు.

ఇప్పుడు నడుం లోతుకు మారి చిన్న గెంతులు వేస్తున్నా (స్కోరు మరీ తక్కువున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా గెంతొద్దు). పూల్ లేని రోజు మేడ మెట్లు, 2 కిలోల డంబెల్స్.

విసుగులూ ఉన్నాయి. క్లోరిన్‌కి జుట్టు పీచయిపోతుంది, ముందే కొబ్బరినూనె పట్టించి టోపీ పెట్టాల్సిందే. కాటన్ చుడీదార్‌తో దిగనివ్వరు, నైలాన్‌ది కొనాలి. ఉరిమిందంటే క్లాసు రద్దు, డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వరు.

క్లాసయ్యాక నిచ్చెన ఎక్కుతుంటే మూడో మెట్టు దగ్గర ఒళ్లంతా ఒక్కసారిగా బరువెక్కుతుంది. మొదట్లో అదంటే చిరాకు. ఇప్పుడు కావాలనే నాలుగుసార్లు దిగి ఎక్కుతున్నా, వెనక నిలబడ్డ పిల్లలు "ఆంటీ, కాస్త త్వరగా" అంటున్నా సరే.