నాలుగేళ్లు ర్యాంకులు నమ్మి ఐరిస్ పెంచాక

పూల ప్రియుల ఓట్లతో వేసిన ర్యాంకుల జాబితా చూసి తిరుపతిలో ఐరిస్ అనే పూలమొక్కలు, ఐరిస్‌లు నాటినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పువ్వు అందం గురించి ఆ జాబితా అబద్ధం చెప్పలేదు. కానీ ఓటేసినవాళ్ల తోటల్లో చలి ఎంత ఉంటుందో అందులో ఎక్కడా ఉండదు. నాకు అవసరమైంది ఆ ఒక్క ముక్కే.

మా ఇంటి పక్కన 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మట్టి నేల ఉంది. ఇంత చిన్న చోట ప్రయోగాలు చేయలేం కదా, పదిమంది మెచ్చినవే నాటుదామనుకున్నాను. అమెరికన్ ఐరిస్ సొసైటీ సభ్యుల ఓట్లతో తయారయ్యే, కింది రేకుల మీద గడ్డంలా నూగు ఉండే పొడుగు బియర్డెడ్ ఐరిస్‌ల జాబితా దొరికింది. డస్కీ ఛాలెంజర్ అనే రకం ఏళ్ల తరబడి అందులో మొదటి స్థానంలో ఉంది, 1992లో ఐరిస్‌లకిచ్చే పెద్ద పురస్కారం డైక్స్ మెడల్ కూడా తెచ్చుకుంది. ఆ రకం దుంపలు రెండు, 1985లో అదే మెడల్ గెలిచిన బెవర్లీ సిల్స్‌వి రెండు కొండప్రాంతపు అమ్మకందారు దగ్గర తెప్పించి 2021 సెప్టెంబర్‌లో నాటాను.

నవంబర్‌లో ఆ వాన వచ్చింది. ఊరంతా మునిగిన ఆ రోజులు తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. మా మడిలో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక ఒక మొక్కను పట్టుకుంటే విసనకర్ర లాంటి ఆకుల గుత్తి మొత్తం చేతిలోకి వచ్చేసింది. కింద దుంప జావలా అయిపోయి కుళ్లిన ఎర్రగడ్డ వాసన కొట్టింది. ఈ దుంప వీపు ఎండకు కనబడేలా, నీళ్లు ఆగని చోట ఉండాలి. మనకేమో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలే. మెత్తబడినదంతా కత్తితో కోసేసి, గట్టి ముక్కలకు బూడిద రాసి నీడన ఆరబెట్టాను. మూడు బతికాయి: డస్కీ ఛాలెంజర్‌వి రెండూ, బెవర్లీ సిల్స్ ఒకటి. ఇసుక కలిపి మట్టిని ఎత్తు చేసి మళ్లీ నాటాను.

మరుసటి ఏడు ఆకులు బాగా వచ్చాయి. "జాబితాలో పైనున్నవి గట్టి మొక్కలు" అని కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఆకుల వరకే నిజమని ఇప్పుడు చెప్పాలి. ఏటా ఫిబ్రవరి నుంచి రోజూ పొద్దున ఆకుల మధ్య వేలు పెట్టి కాడ ఏమైనా లేస్తోందా అని తడిమి చూశాను. ఒక్కసారీ లేదు. లోపల మొగ్గ కట్టాలంటే వీటికి చలికాలం గట్టిగా ఉండాలి. మనకు జనవరి రాత్రికి కూడా పల్చటి దుప్పటి చాలు.

2023లో ఒక డస్కీ ఛాలెంజర్ దుంప ఊటీలో ఉన్న మా ఆడపడుచుకు ఇచ్చాను. పోయిన ఏప్రిల్‌లో ఫోటో పంపింది. "వదినా, నీ మొక్క పూసింది చూడు." నేరేడుపండు రంగు, పట్టులా మెరుస్తోంది. ఇంతమంది ఎందుకు ఓటేశారో అప్పుడు అర్థమైంది. పెద్దగా చేసి చాలాసేపు చూశాను.

నా మడిలో పూసింది వేరే మొక్క. వీధి చివర నర్సరీ అబ్బాయి "ఎండకు చావదక్కా, తీసుకో" అని అంటగట్టిన పేరు లేని మొక్క. నారింజ రంగు ఆరు రేకులు, వాటి మీద ఎర్రటి చుక్కలు. పొద్దున విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి పిండిన తువ్వాలులా మెలి తిరిగిపోతుంది. మర్నాడు పక్క మొగ్గ. కాయ పగిలితే లోపల నల్లపూసల్లాంటి గింజలు. ఇదీ ఐరిసేనని తర్వాత తెలిసింది. దీని శాస్త్రీయ నామం ఇదివరకు బెలాంకాండా, 2005లో ఐరిస్ డొమెస్టికాగా మార్చారు. పొడుగు బియర్డెడ్ రకాల జాబితాలో దీనికి చోటెలా ఉంటుంది? నేను వేరే జాబితా వెతకనేలేదు.

చలి పడే ఊళ్లో ఉన్నవాళ్లకు ఆ ర్యాంకులు పనికొస్తాయనే అంటాను. పాత రకాలు అన్నేళ్లు పైన నిలిచాయంటే చాలా తోటల్లో నెగ్గినట్టే. మాది బోరు నీళ్లు, మధ్యాహ్నం తర్వాత పక్కింటి గోడ నీడ. పూర్తి ఎండ తగిలే మిద్దె మీద కుండీల్లో పెట్టినవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. మిగిలిన రెండు దుంపలూ వేసవి సెలవుల్లో ఊటీకి తీసుకెళ్తున్నాను. ఆ ఖాళీలో వేయడానికి నల్ల గింజలు గుప్పెడు కాగితంలో కట్టి పెట్టాను.