కత్తుల కోసం ఒసాఫునె దాకా

జపాన్‌లో పాత కత్తులు చూడాలంటే అందరూ ముందు టోక్యో పేరే చెబుతారు. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఉయెనోలోని నేషనల్ మ్యూజియంలో కత్తుల గది, ర్యోగొకులో కత్తుల కోసమే ఉన్న మ్యూజియం, రెండూ ఒక్క రోజులో చూసేయొచ్చు. ర్యోగొకుది 2018లో ఇప్పుడున్న చోటికి మారింది. లైటింగ్ బాగుంది, జనం తక్కువ. అయినా, ఒక్క చోటికే వెళ్ళే వీలుంటే, ఒకాయామా ప్రాంతంలో కత్తుల తయారీకి పేరుపడ్డ ఒసాఫునె ఊరికే వెళ్ళమంటాను.

ఒకాయామా దాకా షిన్‌కన్‌సెన్ (బుల్లెట్ రైలు), అక్కణ్ణుంచి అకో లైన్‌లో లోకల్ రైలు. ఒసాఫునె స్టేషన్ నుంచి అక్కడి కత్తుల మ్యూజియం కాస్త దూరం, టాక్సీ ఎక్కాలి. మా ట్రావెల్ ఏజెంటు ఏ రోజు వెళ్ళినా కొలిమి పని చూడొచ్చన్నాడు. నిజానికి జనం ముందు సమ్మెట పని చేసి చూపేది మామూలుగా నెలలో రెండో ఆదివారం. ఆ సంగతి ముందురోజు బయటపడేసరికి టెన్షన్ పడి, టిక్కెట్లు మార్చుకుని, ఒకాయామాలో రెండు రాత్రులు అదనంగా ఉన్నాం. స్టేషన్ దగ్గర బస చేస్తే పొద్దున్నే రైలు అందుతుంది. గది ఇరుకే, కానీ శుభ్రం. శాకాహారులు తినడానికి ఏమైనా వెంట తెచ్చుకోవాలి. సోమవారం మ్యూజియానికి సెలవు.

ఆ ఆదివారం కోసం ఎన్ని రాత్రులైనా ఆగొచ్చు. ఇనుప ఇసుకను బొగ్గుతో మూడు పగళ్ళు, మూడు రాత్రులు కాల్చి తీసిన ఉక్కును తమహగనె అంటారు. ఆ ముద్దకు గడ్డి బూడిద పూసి, మట్టినీళ్ళు పోసి, కొలిమిలో పెడతారు. పెద్ద కమ్మరి చిన్న సుత్తితో తట్టి చోటు చూపిస్తే, శిష్యులు బరువైన సమ్మెటలు అక్కడే దించుతారు. నిప్పురవ్వలు మా కాళ్ళ దాకా వచ్చాయి. సాగదీయడం, మడవడం, మళ్ళీ కొట్టడం. పది పదిహేను మడతలకే పొరలు వేలల్లోకి వెళ్తాయి.

తర్వాత కత్తి వీపున మట్టి మందంగా, అంచున పల్చగా రాసి, కాల్చి నీళ్ళలో ముంచుతారు. త్వరగా చల్లారిన అంచు గట్టిపడుతుంది, వీపు మెత్తగా ఉండిపోతుంది. కత్తికి ఆ వంపు చాలావరకు వచ్చేది ఇక్కడే. అంచు పొడవునా తెల్లటి గీత కూడా మిగులుతుంది, దాన్ని హమోన్ అంటారు. కామకురా కాలంలో (12–14 శతాబ్దాలు) ఈ ప్రాంతంలో, అంటే అప్పటి బిజెన్‌లో, చేసిన కత్తుల్లో ఆ గీత లవంగ మొగ్గలు వరసగా పేర్చినట్టుంటుంది. నిలబడి చూస్తే కనబడదు. మోకాళ్ళు వంచి, లైటు అంచు మీద పడేలా తల కొంచెం కొంచెం కదపాలి. నాకు కనబడ్డ క్షణాన ఒళ్ళు జలదరించింది.

పదహారో శతాబ్దపు యోధుడు ఉయెసుగి కెన్షిన్ కత్తిగా పేరున్న సాంచోమోను 2020లో, ఒసాఫునె ఉన్న సెతోఉచి నగరం విరాళాలు పోగుచేసి 50 కోట్ల యెన్‌లకు కొనుక్కుంది. అది ఎప్పుడూ ప్రదర్శనలో ఉండదు, తేదీలు చూసుకుని వెళ్ళండి. ఒక కత్తి కోసం ఊరంతా కదిలిందంటే నాకు మన కోనసముద్రం గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో మట్టి మూసల్లో చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడ కూడా పిల్లలకు ఇలా ఒక కొలిమి రాజేసి చూపిస్తే ఎంత బాగుంటుంది!

పక్క షెడ్లలో ఒర చేసేవాళ్ళు, మెరుగుపెట్టేవాళ్ళు పని చేస్తుంటారు. చాలామంది అటు పోకుండానే వెనక్కి వెళ్ళిపోతున్నారు. మెరుగుపెట్టే ఆయన గోరంత రాతి పలకను బొటనవేలి కింద పెట్టుకుని ఉక్కు మీద రుద్దుతున్నారు. మేం చూసిన అరగంటలో ఆ వేలు నాలుగంగుళాలు కూడా ముందుకు జరగలేదు.